పెరిగే పిల్లలకు ట్రెక్కింగ్ బ్యాగు కొనేటప్పుడు

కల్వకుర్తి నుంచి ఒక చెల్లెమ్మ అడిగిన ప్రశ్న ఇది. బాబుకు పదమూడు నిండి పద్నాలుగు నడుస్తోంది. ఎత్తు 5 అడుగుల 1 అంగుళం, బరువు 41 కిలోలు. చైత్ర పౌర్ణమికి మేనమామతో నల్లమల అడవిలోని సలేశ్వరం శివుడి గుడికి పోతాడు. మే నెలలో స్కూలు తరఫున హిమాచల్‌లో ఐదు రోజుల ట్రెక్ ఉంది. పిల్లాడు ఫోన్‌లో అమెరికా వీడియోలు చూసి, అక్కడి వేటగాళ్లు వేసుకునే హంటింగ్ ప్యాకే కావాలని పట్టుబట్టాడు. ఎలాగూ పెరిగే వయసే కదా, 65 లీటర్ల సామాను పట్టేది ఒకటి కొనేస్తే ఇంటర్ అయ్యేదాకా మళ్లీ చూసుకోనక్కర్లేదని వాళ్ల నాన్న అంటున్నారు. ఏది కొనాలో చెప్పమన్నారు.

చెల్లెమ్మా, ముందు సూటిగా చెప్పేస్తాను. 65 లీటర్లది వద్దు, హంటింగ్ ప్యాక్ కూడా వద్దు. సలేశ్వరానికి 20 లీటర్ల మామూలు బ్యాగు చాలు, అది బహుశా మీ ఇంట్లోనే ఉంటుంది. హిమాచల్‌కు 40 లీటర్ల చుట్టుపక్కల ఉండేది, వీపు దగ్గర పట్టీలను పైకీ కిందికీ జరుపుకునే వీలున్నది చూడండి. కొన్నా సరే, అద్దెకు తెచ్చుకున్నా సరే. ఎందుకో వివరంగా రాస్తాను. మీవారు అనుకుంటున్నట్టే ఒకప్పుడు నేనూ అనుకున్నాను. ఆ తప్పుకు బాధపడింది మాత్రం మా అన్న కొడుకు.

నేను అచ్చంపేట వైపు ప్రభుత్వ హైస్కూళ్లలో పీఈటీగా 26 ఏళ్లు పనిచేశాను. సెలవుల్లో పిల్లల్ని ఉమామహేశ్వరం, దేవరకొండ కోట, కోయిల్‌కొండ కోట, భువనగిరి గుట్ట తిప్పడం నాకు అలవాటు. మా అన్న కొడుకు ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు మొదటిసారి రెండు రోజుల క్యాంపుకు తీసుకుపోవాలని హైదరాబాద్‌లో ఒక దుకాణానికి వెళ్లాను. పెరిగే పిల్లాడు కదా సార్, పెద్దదే తీసుకోండి అన్నాడు అక్కడతను. నాకూ ఆ మాట సబబుగానే తోచింది, పెద్దవాళ్ల సైజు 60 లీటర్లది తెచ్చాను. గుట్ట ఎక్కుతుంటే దాని నడుము బెల్టు పిల్లాడి నడుము దగ్గర నిలవలేదు. జారిపోయి తొడల మీద కూర్చుంది. అడుగు వేసినప్పుడల్లా తగులుతోందని బెల్టు విప్పేశాడు. ఇక బరువంతా భుజాల మీదే పడింది. సాయంత్రానికి కుడి చెయ్యి తిమ్మిరెక్కి, చాయ్ గ్లాసు పట్టుకోలేకపోయాడు. మెడ నుంచి చేతికి పోయే నరాలు భుజం పట్టీ కింద నలిగాయని డాక్టరు చెప్పారు. పది రోజుల్లో తగ్గింది కానీ, ఆ పది రోజులూ మా వదిన ముఖంలోకి సరిగా చూడలేకపోయాను. అప్పటినుంచి ఏ పిల్లాడి భుజాన బ్యాగు ఎక్కించే ముందైనా టేపు తీస్తున్నాను.

ట్రెక్కింగ్ బ్యాగు అంటే పెద్ద స్కూలు బ్యాగు అనుకుంటాం. పని చేసే తీరు పూర్తిగా వేరు. స్కూలు బ్యాగు భుజాలకు వేలాడుతుంది. ట్రెక్కింగ్ బ్యాగు తుంటి ఎముకల మీద కూర్చోవాలి, భుజం పట్టీలు దాన్ని వెనక్కి పడిపోకుండా పట్టుకుంటే చాలు. మన ఊళ్లల్లో బోరింగు దగ్గర నుంచి బిందె తెచ్చే ఆడవాళ్లను గుర్తు చేసుకోండి. నిండు బిందెను చేత్తో వేలాడదీసి ఎంత దూరం మోయగలరు? అదే నడుము ఒంపులో, తుంటి మీద ఆనించారంటే వీధి చివరిదాకా మాట్లాడుకుంటూ వస్తారు. బాదేపల్లి మార్కెట్ యార్డులో హమాలీలు బస్తా ఎత్తుకునే తీరు చూడండి. ముందుకు వంగి, బరువును వీపు కింది భాగం మీదుగా కాళ్లలోకి దింపుతారు. కాళ్లు, తుంటి మన ఒంట్లో అన్నిటికంటే గట్టి భాగాలు. భుజాల కండలు చిన్నవి, అందులోనూ పద్నాలుగేళ్ల పిల్లాడివి మరీ లేతవి. నడుము బెల్టు సరైన చోట కూర్చుంటే బరువులో ముప్పాతిక వంతు దాకా తుంటి మీదకు దిగుతుంది. ఒక్క అంగుళం కిందికి జారినా ఆ లాభం పోతుంది.

పిల్లల నడుముల గురించి నేను ఇంతగా చెప్పడానికి ఇంకో కారణం ఉంది. మాది పుట్టుకతో నల్లగొండ జిల్లా, మర్రిగూడ వైపు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నలభై ఏళ్లకే నడుము వంగిపోయిన మనుషుల మధ్య పెరిగాను. దానికీ బ్యాగుకూ సంబంధం లేదు, నిజమే. కానీ నిటారుగా నడిచే పిల్లల్ని చూస్తే నాకు కలిగే సంతోషం వేరు. ఆ నిటారుతనాన్ని మన తొందరపాటుతో పాడుచేయకూడదన్న పట్టుదల కూడా అక్కడినుంచే వచ్చింది. మీ బాబుకు ఇప్పటికే వెన్నునొప్పి ఉన్నా, ఒక భుజం ఎత్తుగా కనిపిస్తున్నా, బ్యాగు కంటే ముందు డాక్టరుకు చూపించండి.

ఇప్పుడు కొలత సంగతి. బ్యాగు సైజుకూ మనిషి ఎత్తుకూ నేరుగా లెక్క కుదరదు. కొలవాల్సింది వీపు పొడవు. బాబును చొక్కా విప్పి నిలబెట్టి, గడ్డం ఛాతీకి ఆనేలా తల వంచమనండి. మెడ కింద, వీపు మొదలయ్యే చోట ఒక ఎముక బొడిపెలా పైకి వస్తుంది. అది మొదటి గుర్తు. తరువాత రెండు చేతులూ నడుముకు ఆనించి, తుంటి ఎముకల పైఅంచు మీద పెట్టుకోమనండి, బొటనవేళ్లు వెనక్కి ఉండాలి. రెండు బొటనవేళ్లను కలుపుతూ వీపు మీద అడ్డంగా ఒక గీత ఊహించుకోండి, వెన్నెముకను అది తాకే చోటే రెండో గుర్తు. ఇప్పుడు తల ఎత్తి మామూలుగా నిలబడమని, దర్జీ టేపు వెన్ను ఒంపు వెంబడే పెట్టి బొడిపె నుంచి ఈ గుర్తు దాకా కొలవండి. మీ బాబు ఎత్తున్న పిల్లల్లో నాకు ఎక్కువగా 14 నుంచి 16 అంగుళాలు వచ్చేది. పెద్దవాళ్ల మీడియం సైజు చాలా కంపెనీల్లో 18 అంగుళాల దగ్గర మొదలవుతుంది. అంటే ఇప్పుడు పెద్దల మీడియం కొంటే రెండు నుంచి నాలుగు అంగుళాల తేడాతో బెల్టు జారుతుంది, మా అన్న కొడుక్కు జరిగిందే మళ్లీ జరుగుతుంది.

పెరుగుతాడు కదా అంటారు. పెరుగుతాడు. కానీ ఎలా పెరుగుతాడో తెలిస్తే ఈ బెంగ సగం తీరుతుంది. మగపిల్లలు సుమారు 13, 14 ఏళ్ల మధ్య ఒక్కసారిగా ఎదుగుతారు. ఆ ఎదుగుదల ముమ్మరంగా ఉన్న ఏడాదిలో 9, 10 సెంటీమీటర్లు పెరగడం మామూలే. ఆడపిల్లల్లో ఇది రెండేళ్లు ముందే వస్తుంది. ఒళ్లంతా ఒకేసారి సాగదు. ముందు పాదాలు, తరువాత కాళ్లు, ఆ తరువాత కొన్ని నెలలకు వెన్ను. జూన్‌లో కుట్టించిన ప్యాంటు దసరాకు మడమల పైకి వచ్చేసినా చొక్కా మాత్రం సరిపోతూనే ఉండటం మీరూ చూసే ఉంటారు. అప్పటికి కాళ్లు సాగాయి, వీపు ఇంకా సాగలేదు. అందుకే పిల్లాడు నాలుగు అంగుళాలు పెరిగాడని బ్యాగు సైజు మార్చేయకండి. అలాగే ఎత్తు పెరగడం ఆగిందని వీపు కొలవడం మానేయకండి, ఎందుకంటే వీపు అప్పటికీ పెరుగుతూ ఉండొచ్చు. ఆరు నెలలకోసారి, ఏదైనా ప్రయాణానికి ముందు ఇంకోసారి కొలిస్తే సరిపోతుంది. గోడ మీద ఎత్తు గీత గీసినప్పుడు పక్కనే వీపు కొలత కూడా రాసిపెట్టుకోండి.

స్కూలు యూనిఫాం ఒక సైజు పెద్దది కుట్టించడం మనందరికీ అలవాటే, అందులో తప్పేమీ లేదు. వదులు చొక్కా వల్ల ఒంటికి నష్టం రాదు. బ్యాగును మాత్రం చెప్పులతో పోల్చుకోండి. రెండేళ్ల తరువాత సరిపోతాయని రెండు సైజులు పెద్ద చెప్పులు వేసి పిల్లాడిని గుట్ట ఎక్కించం కదా. అయితే బ్యాగులో చెప్పుకు లేని సౌకర్యం ఒకటుంది. కొన్నిటిలో భుజం పట్టీలు మొదలయ్యే భాగం వీపు వెంబడి జరుగుతుంది. వెల్క్రోతోనో, నిచ్చెన మెట్లలాంటి లూపులతోనో దాన్ని రెండు మూడు అంగుళాలు పైకి, కిందికి మార్చుకోవచ్చు. మీకు కావాల్సింది అదే. కొనేటప్పుడు ఒక్క విషయం చూడండి. ఇవాళ్టి కొలత ఆ సర్దుబాటులో కింది నుంచి రెండో మెట్టు దగ్గరైనా రావాలి. పైన ఖాళీ ఉంటే ఇంటర్ దాకా కాకపోయినా, ఖాయంగా రెండు మూడేళ్లు వస్తుంది. అన్నిటికంటే కింది మెట్టులో కూడా బెల్టు తుంటి కిందికి పోతుంటే ఆ బ్యాగు మీ బాబుకు ఇంకా తొందరే.

పిల్లల కోసమే చేసే ట్రెక్కింగ్ బ్యాగులూ ఉన్నాయి. డ్యూటర్ ఫాక్స్, ఓస్ప్రే ఏస్ అనేవి అలాంటివే. బాగుంటాయి కానీ మన దగ్గర ఖరీదు ఎక్కువ, ఎప్పుడూ దొరకవు కూడా. డెకాథ్లాన్‌లో వీపు సర్దుబాటు ఉన్న 50 లీటర్ల రకాలు ఉంటాయి, వాటిలో చిన్న కొలతకు దిగేది ఏదో అక్కడే టేపు పెట్టి చూసుకోవచ్చు. ఇంకో దారి ఉంది, చాలామందికి తోచదు. ఆడవాళ్ల ట్రెక్కింగ్ బ్యాగులు చూడండి. వాటి వీపు పొడవు తక్కువ, భుజం పట్టీల మధ్య దూరం తక్కువ, నడుము బెల్టు కూడా చిన్నది. ఈ వయసు మగపిల్లలకు అవి చాలాసార్లు అచ్చుగుద్దినట్టు సరిపోతాయి. నలుపో, నీలమో రంగు ఎంచుకుంటే బాబు కూడా వద్దనడు. నేను ముగ్గురు పిల్లలకు అలాగే కొనిపించాను.

మన పిల్లల విషయంలో వీపు కంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది నడుము బెల్టు. సన్నటి పిల్లలు. 41 కిలోల పిల్లాడి తుంటి చుట్టుకొలత చాలా తక్కువ ఉంటుంది. పెద్దవాళ్ల బెల్టును చివరిదాకా బిగించినా రెండు వైపుల మెత్తటి దిండ్లు ముందు బకిల్ దగ్గర ఒకదానికొకటి తగులుతాయి. అలా తగిలాయంటే ఆ బెల్టు ఇక బిగియదు, దిగజారుతూనే ఉంటుంది. బిగించాక రెండు దిండ్ల మధ్య కనీసం నాలుగు వేళ్లు పట్టే ఖాళీ మిగలాలి. షాపులో అందరూ భుజం పట్టీలు లాగి చూస్తారు, దీన్ని వదిలేస్తారు.

బాబు అడిగిన హంటింగ్ ప్యాక్ గురించి కూడా గౌరవంగానే చెప్పాలి. వాడు చూసింది నిజంగా గొప్ప పనితనం ఉన్న వస్తువే. అమెరికాలో ఎల్క్ అనే పెద్ద జాతి దుప్పిని అనుమతి తీసుకుని వేటాడతారు. అది పడిన చోటికి బండి రాదు. మాంసాన్ని కోసి, ఒక్కో విడతకు 30, 40 కిలోలు వీపున మోసుకుని కొండలు దిగాలి. ఆ పని కోసం గట్టి ఫ్రేము పెట్టి, ఫ్రేముకూ సంచికీ మధ్య మాంసం కట్టుకోవడానికి అరలాంటిది వదిలి, తుపాకీకో విల్లుకో పట్టీలు కుట్టి, ఆకులకు రాసుకున్నా చప్పుడు కాని బట్టతో ఆ ప్యాక్ చేస్తారు. అందుకే ఖాళీ ప్యాకే రెండున్నర నుంచి మూడు కిలోలు తూగుతుంది. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట నేరమైంది. నిజాం కాలంలో నల్లమల అడవిలోని ఫరహాబాద్ వేట విడిదిగా ఉండేది, అక్కడి శికార్‌ఘర్ శిథిలాలు ఇప్పటికీ కనిపిస్తాయి. అదే అడవి ఇవాళ అమ్రాబాద్ పులుల అభయారణ్యం, 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా. తాత ముత్తాతల వేట కథలు పిల్లాడికి తప్పకుండా చెప్పండి, వాటిలో అడవి గురించి తెలుసుకోవాల్సింది ఎంతో ఉంది. కానీ తుపాకీ పట్టీలున్న, మిలటరీ చారల బ్యాగుతో సలేశ్వరం దారిలోని మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర దిగితే అటవీ సిబ్బందికి అనుమానం రావడం సహజం. మేనమామను, వాడిని పక్కన నిలబెట్టి అన్నీ విప్పి చూపించమంటే మీకు టెన్షన్ తప్ప ఏం మిగలదు.

వాడికి ఆ ప్యాక్‌లో ఏం నచ్చిందో కూర్చోబెట్టి అడగండి. పక్కనుంచి జిప్పు తెరిస్తే లోపలివన్నీ కనిపించడం, బెల్టుకు చిన్న జేబులు, రెండు పక్కలా బిగించే పట్టీలు, ఇలా ఏవో చెబుతాడు. ఇవన్నీ మామూలు ట్రెక్కింగ్ బ్యాగుల్లోనూ ఉంటాయి. ఆ జాబితా వాడి చేతికే ఇచ్చి దుకాణంలో వాడితోనే వెతికించండి. తాను ఎంచుకున్నానన్న తృప్తి ఉంటే బ్యాగును శ్రద్ధగా చూసుకుంటాడు.

మూడు కిలోల ఖాళీ బ్యాగు ఎందుకు వద్దో ఇప్పుడు లెక్క చూద్దాం. స్కూలు బ్యాగు పిల్లల బరువులో పదో వంతు దాటకూడదని 2020 నాటి కేంద్ర విధానం చెబుతుంది. అంతకుముందు 2018లో వచ్చిన ఆదేశంలో 8, 9 తరగతులకు నాలుగున్నర కిలోలు, పదో తరగతికి 5 కిలోలు అని హద్దు పెట్టారు. నడుము బెల్టు సరిగ్గా కూర్చుంటే, పిల్లాడికి కాస్త అలవాటు చేయిస్తే, ట్రెక్‌లో నేను 15 శాతం దాకా ఒప్పుకుంటాను. 41 కిలోల పిల్లాడికి అది 6 కిలోల పైన కొద్దిగా. అందులో హంటింగ్ ప్యాకే మూడు కిలోలు తినేస్తే ఇక మిగిలేది నీళ్లకే సరి. అదే కిలోన్నర బ్యాగు అయితే హిమాచల్‌లో ఒక రోజు నడకకు రెండు లీటర్ల నీళ్లు రెండు కిలోలు, స్వెటరు, జర్కిన్ కలిపి కిలోంపావు, రెయిన్‌కోటు, ఒక జత బట్టలు కలిపి కిలో, పల్లీపట్టీలు, ఖర్జూరాలు, టార్చి, మందులు మరో ముప్పావు కిలో. అన్నీ కలిపితే ఆరున్నర. కొంచెం దాటింది. అప్పుడు దారిలో నీళ్లు నింపుకునే చోటు ఎక్కడుందో అడిగి ఒక లీటరు తగ్గించాలి. రెండో జత బట్టలు, పవర్‌బ్యాంకు లాంటివి క్యాంపు సామానుతో పంపాలి. చాలా ట్రెక్ సంస్థలు డబ్బు కడితే అదనపు సామాను కంచర గాడిదల మీద పంపుతాయి. గుడారం, స్లీపింగ్ బ్యాగు వాళ్లే ఇస్తారా అని స్కూలు వాళ్లను ఇప్పుడే అడగండి. ఇస్తామంటే 40 లీటర్లు ధారాళంగా సరిపోతాయి. పెద్ద బ్యాగులో ఖాళీ కనిపిస్తే ఇంట్లో వాళ్లం ఊరుకోం. సకినాలో, సర్వపిండో, ఇంకో దుప్పటో పెడతాం. ప్రేమతో పెట్టిన ఆ రెండు కిలోలూ మోయాల్సింది పిల్లాడే.

మీ బాబు తప్పకుండా ఒక మాట అంటాడు, ఎందుకంటే మా స్కూల్లో ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరు అనేవారు. మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కినప్పుడు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు కదా సార్, మేమెందుకు మోయలేం అని. చాలా మంచి ప్రశ్న, దాన్ని కొట్టిపారేయకండి. పూర్ణ, ఆమెతో కలిసి ఎక్కిన ఆనంద్ కుమార్ భువనగిరి గుట్ట మీద మొదలుపెట్టి, డార్జిలింగ్‌లో, లడఖ్‌లో నెలల తరబడి శిక్షణ పొందాకే అక్కడిదాకా వెళ్లారు. బరువు మోయడం కూడా ఆ శిక్షణలో భాగమే. మీ బాబుకు ఇంకా సమయం ఉంది. మొదటి వారం మూడు కిలోలతో ఊరి చెరువు కట్ట మీద అరగంట నడిపించండి. వారానికో అర కిలో చొప్పున పెంచండి. బియ్యం చిన్న సంచుల్లో తూకం వేసి కట్టిపెట్టుకుంటే సులువు. మోకాళ్ల కింద గానీ, మడమల దగ్గర గానీ నొప్పి అంటే పెంచడం ఆపండి. ఎదిగే వయసులో ఎముక వేగంగా సాగుతుంది, కండరాలు, వాటిని ఎముకకు కలిపే స్నాయువులు వెంటనే అందుకోలేవు. బద్ధకమని కసురుకోవద్దు.

దుకాణంలో చూసేటప్పుడు ఖాళీ బ్యాగు వేసి అద్దం ముందు నిలబెట్టడం వల్ల ఏమీ తెలియదు. ఇంటి నుంచి ఐదు కిలోల బియ్యం సంచి తీసుకుపోండి, ఎవరేమనుకున్నా ఫరవాలేదు. అది బ్యాగులో వేసి, అన్ని పట్టీలూ వదులు చేసి వీపున ఎక్కించండి. మొదట నడుము బెల్టు. దిండు మధ్య భాగం తుంటి ఎముక అంచు మీద సరిగ్గా కూర్చోవాలి, పొట్ట మీద కాదు. బిగించాక భుజం పట్టీలు లాగండి. అవి భుజం చుట్టూ ఒంపు తిరిగి అతుక్కోవాలి. భుజం పైన పట్టీకీ ఒంటికీ మధ్య వెలుతురు కనబడితే వీపు పొడవు ఎక్కువైంది. భుజం మీంచి బ్యాగు పైకొసకు పోయే చిన్న పట్టీలు ఏటవాలుగా పైకి లేచి ఉండాలి. అడ్డంగా గానీ, కిందికి వాలి గానీ ఉంటే మళ్లీ కొలత తప్పినట్టే. చివరగా ఛాతీ పట్టీ, మెడ కింద అడ్డంగా ఉండే కాలరు ఎముకకు రెండు వేళ్లు కింద, ఊపిరి తీసుకోవడానికి అడ్డు రాకుండా. అలాగే పావుగంట షాపులో తిప్పండి, మెట్లుంటే ఎక్కించి దించండి. నొప్పి ఎక్కడని అడిగితే ఏమీ లేదంటాడు, కొత్త బ్యాగు మోజు అలాంటిది. బ్యాగు తీశాక చొక్కా కాస్త పక్కకు జరిపి భుజం ఎర్రగా కందిందేమో మీరే చూడండి.

వీపు దగ్గర జాలీ బిగించి గాలి ఆడేలా చేసిన బ్యాగులు మన ఎండలకు హాయిగా ఉంటాయి. కానీ ఆ జాలీ సామానును ఒంటికి కొంచెం దూరంగా నెడుతుంది, తేలికపాటి పిల్లాడిని వెనక్కి లాగుతుంది. ఒక్కరోజు చిన్న బ్యాగుకు జాలీ మంచిదే. ఐదారు కిలోలకు మాత్రం ఒంటికి ఆనుకుని ఉండే మామూలు మెత్త వీపే నాకు నచ్చుతుంది, చెమట పట్టినా సరే.

సలేశ్వరం సంగతి వేరుగా చెప్పాలి. ఆ దారి నాకు ప్రాణం. ఏడాదిలో చైత్ర పౌర్ణమి చుట్టూ కొద్ది రోజులే అనుమతి ఉంటుంది. రాంపూర్ పెంట అనే చెంచుల గూడెం దగ్గర బండి దిగాక రాళ్ల బాట. "వస్తున్నం లింగమయ్యా" అనుకుంటూ వేలమంది నడుస్తుంటారు. చివర్లో లోయలోకి దిగే చోట బాట ఇరుకు, ఒక పక్క బండ, ఇంకో పక్క లోతు. అక్కడ వీపున వెడల్పుగా, ఎత్తుగా ఉన్న బ్యాగు తిరిగినప్పుడల్లా వెనకవాళ్లకు తగులుతుంది, పిల్లాడి తూకం తప్పిస్తుంది. 20 లీటర్ల బ్యాగు, ఒంటికి హత్తుకుని, రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. ఏప్రిల్ ఎండ కాబట్టి బరువులో ఎక్కువ భాగం నీళ్లే. ప్లాస్టిక్ తేవద్దని అటవీశాఖ చెబుతుంది కాబట్టి ఒక లీటరు స్టీలు సీసాలు రెండు పెట్టండి. ఇంకో రెండు లీటర్లు మేనమామ మోయాలి. సద్దిగా సజ్జరొట్టె, పల్లీల పొడి, బెల్లం. సీసాలు పక్క జేబుల్లో కాకుండా లోపల వీపుకు ఆనించి నిలబెట్టండి, దిగేటప్పుడు ఊగకుండా ఉంటాయి. తినేవి బయటి వల జేబుల్లో అసలు పెట్టవద్దు. మల్లెలతీర్థం దగ్గరైనా, ఉమామహేశ్వరం మెట్ల మీదైనా కోతులకు ఆ జేబులు బాగా తెలుసు, జిప్పులు కూడా తీస్తాయి. ముళ్ల కంపలకు ఆ వల చిరుగుతుంది, వేలాడే కప్పులు, గంటలు కట్టవద్దు. తిరిగొచ్చేటప్పుడు ఎక్కుడు కాబట్టి అప్పటికి నీళ్లు అయిపోయి బ్యాగు తేలికవుతుంది. కానీ సగం దారికి ఒక సీసా మిగుల్చుకోవాలని ముందే చెప్పండి.

హిమాచల్ వానకు బ్యాగు మీద వేసే కవరు ఒక్కదాన్నే నమ్మకండి, గాలికి లేస్తుంది. లోపల మందపాటి పాలిథీన్ సంచి ఒకటి పరిచి అందులో బట్టలు పెట్టి మూతి మడవండి. బరువైనవి వీపు మధ్యకు, ఒంటికి దగ్గరగా. తేలికవి అడుగున, బయటివైపు.

అద్దె గురించి మొహమాటపడవద్దు. హైదరాబాద్‌లో ట్రెక్కింగ్ సామాను అద్దెకిచ్చేవాళ్లు ఉన్నారు. వాడి వెన్ను ఇంకా పూర్తిగా సాగని ఈ ఏడాదికి అద్దె బ్యాగు, వచ్చే ఏడాది కొత్త కొలతకు కొనుక్కున్న బ్యాగు, ఇలా అయినా నష్టం లేదు. అద్దెకు తెచ్చినప్పుడు బెల్టు బకిల్, కుట్లు, జిప్పు లాగి చూడండి, పైన చెప్పినట్టే బియ్యం సంచితో పరీక్షించండి.

ఈ ఆదివారం బాబును నిలబెట్టి మూడు కొలతలు తీసి ఇక్కడే రాయండి: వీపు పొడవు, తుంటి ఎముకల మీదుగా నడుము చుట్టుకొలత, ఉదయం పూట బరువు. గుడారం, స్లీపింగ్ బ్యాగు స్కూలు వాళ్లే ఇస్తున్నారో లేదో కూడా చెప్పండి. దాన్ని బట్టి మీకు దొరికే బ్యాగుల్లో ఏది సరిపోతుందో పేరుతో సహా చెబుతాను.